ఓదెలు జేబులోని లైసెన్సు

నేను ఒక డ్రైవింగ్ లైసెన్సును. చెల్లనిదాన్ని. నన్ను ఒక ఫైలుకు గుచ్చి, రవాణా శాఖ ఆఫీసులో ఇనుప బీరువా కింది అరలో పెట్టారు. నా మీద ఉన్న ఫోటోలోని మనిషి పేరు ఓదెలు. ఫోటో తీసేటప్పుడు ఆపరేటరు నవ్వొద్దన్నాడు. ఓదెలు ఆ మాటను ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, ఫోటోలో ఎవరో కొట్టబోతే నిలబడ్డవాడిలా పడ్డాడు. నిజానికి ఓదెలు అలా ఉండడు. ఎప్పుడూ ఏదో ఒకటి అని పక్కవాణ్ని నవ్వించే మనిషి.

నేను పుట్టిన రోజు సంగతి చెప్పాలి. ఆ రోజు పరీక్ష పెట్టిన ఇన్‌స్పెక్టరు అప్పుడే తెచ్చిన చాయ్ గ్లాసు చేత్తో పట్టుకుని జీపులో ఎక్కాడు. ఓదెలు బండిని ఎనిమిది అంకె ఆకారంలో తిప్పాడు, ఎత్తు మీద ఆపి మళ్లీ కదిలించాడు, వెనక్కి నడిపి గీతల మధ్య నిలబెట్టాడు. బండి ఆగేసరికి చాయ్ అయిపోయింది. ఇన్‌స్పెక్టరు చొక్కా మీద ఒక్క చుక్క పడలేదు.

"చెయ్యి మంచిగున్నదిరా నీది" అన్నాడాయన, సంతకం పెడుతూ.

ఆ సంతకంతో నేను పుట్టాను. చెయ్యి మంచిదని నేను ఇప్పటికీ సాక్ష్యం చెబుతాను. నోటి సంగతి నన్నెవరూ అడగలేదు.

కొన్నేళ్లు ఓదెలు ఇసుక లారీ తోలాడు. తర్వాత పెద్ద బండ్లలో మనుషులను ఎక్కించుకునే అనుమతి కూడా వచ్చింది. అప్పుడు నన్ను కొత్తగా అచ్చువేశారు. అయినా మనిషి అదే, ఫోటో అదే కాబట్టి నన్ను నేను వేరే అనుకోలేదు. ఆ అనుమతితోనే పరకాల దగ్గరి ఒక ప్రైవేటు బడిలో బస్సు డ్రైవరుగా కుదిరాడు. పొద్దున నాలుగైదు ఊళ్లు తిరిగి పిల్లల్ని ఎక్కించుకోవడం, సాయంత్రం మళ్లీ ఊళ్లలో దింపడం. ఓదెలు కూతురు రవళి కూడా అదే బస్సులో అదే బడికి వెళ్లేది. ఓదెలు భార్య స్వరూప ఇంట్లో మిషను పెట్టుకుని జాకెట్లు కుట్టేది. పొద్దున్నే ఖాకీ చొక్కా ఇస్త్రీ చేసి, నన్ను తన చేత్తోనే జేబులో పెట్టేది. జాగ్రత్త అన్నట్టు జేబు మీద ఒకసారి తట్టి, "పైలం" అనేది. ఆ మాట నాతో అనేదో, ఆయనతో అనేదో నాకెన్నడూ తెలియలేదు.

తాగుడు లారీ రోజుల్లోనే మొదలైంది. ఒళ్లు నొప్పులని కొంత, దోస్తుల మాట తీసేయలేక కొంత. ఓదెలు తాగి ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. అందుకే అది జబ్బని ఎవరూ అనుకోలేదు. తాగి మంచిగా ఉండే మనిషిని ఊరు తొందరగా క్షమిస్తుంది.

మొదటిసారి దొరికింది ఒక ఆదివారం మధ్యాహ్నం. దూరపు చుట్టం దినానికి వెళ్లి, భోజనాల తర్వాత మోటారు సైకిలు మీద తిరిగి వస్తున్నాడు. హన్మకొండ పొలిమేరలో పోలీసులు బండ్లు ఆపుతున్నారు. ఒక కానిస్టేబుల్ చేతి మిషను గొట్టం ఓదెలు నోటి దగ్గర పెట్టాడు. ఓదెలు గాలి ఊదడానికి బదులు లోపలికి పీల్చాడు.

"పీల్చుడు కాదన్నా, ఊదు" అన్నాడు కానిస్టేబుల్, అలాంటివి చాలా చూసినవాడిలా.

ఊదాడు. మిషనులో అంకె ముప్పై దాటితే నేరం. ఓదెలుది తొంభై దాటింది. జేబులోంచి నన్ను తీసుకున్నారు. కోర్టులో జరిమానా వేశారు. భార్యాభర్తలిద్దరినీ కూర్చోబెట్టి బుద్ధులు చెప్పారు. నన్ను మూడు నెలలు పక్కన పెట్టారు. ఆ మూడు నెలలూ నాలాంటి వాటితో కలిసి ఒక సొరుగులో ఉన్నాను. సొరుగులో అందరి ఫోటోలూ భయం భయంగానే చూస్తున్నాయి.

గడువు తీరాక ఓదెలు వచ్చినప్పుడు, నన్ను చేతిలో పెడుతూ గుమాస్తా ఒక మాట చెప్పాడు.

"చూడు ఓదెలూ. మొదటిసారని కొన్నాళ్లు పక్కకు పెట్టి ఇచ్చినం. ఇంకోసారి దొరికితే జరిమానాతోని పోదు. జైలు పడొచ్చు. లైసెన్సు రద్దు చేస్తరు. నువ్వు బస్సు నడిపేటోనివి, నీ మీద ఇంకా గట్టిగ చూస్తరు. మళ్ల మొదటి నుంచి లర్నింగు కాయితం పట్టుకోని తిరగాలె."

"ఇగ తాగ సార్" అన్నాడు ఓదెలు. ఆ క్షణంలో అది నిజం. చొక్కా గుడ్డ పలచన. లోపల గుండె కొట్టుకునే తీరు నాకు తెలుస్తుంది.

బడిలో మాత్రం ఈ సంగతి ఎవరికీ తెలియదు. ఆ మూడు నెలలూ ఓదెలుకు పసిరికలు, అంటే కామెర్లు, అయ్యాయని చెప్పారు. చెప్పింది స్వరూప. ప్రిన్సిపాల్ ఆశీర్వాదం సారు ఎదుట చేతులు కట్టుకుని నిలబడి చెప్పి వచ్చింది. ఉద్యోగం పోతే బిడ్డ చదువు ఆగుతుందని ఆమె భయం. సారు మంచివాడు. వేరే డ్రైవరును తాత్కాలికంగా పెట్టుకుని, రోగి కోసం బత్తాయిలు పంపాడు. ఓదెలు వాటిని తిన్నాడు. స్వరూప ఒక్కటి కూడా ముట్టలేదట. నేను తిరిగి వచ్చాక ఆ మాట మీదే ఇద్దరికీ కొంచెం గొడవైంది.

"నువ్వు తిన్నవ్ గని నాకు గొంతుల దిగలే" అన్నది స్వరూప. "ఇంకోసారి నాతోని అబద్ధం ఆడించకు."

ఆ ఎండాకాలమంతా ఓదెలు నిలబడ్డాడు. వానాకాలమూ గడిచింది. పత్తి ఏరే రోజులొచ్చేసరికి నాకు తేడా తెలియడం మొదలైంది. పొద్దున నన్ను సర్దుకునే వేళ్లు వణికేవి. ఇంటి వెనక్కి వెళ్లి వచ్చాక వణుకు తగ్గేది. సాయంత్రం పూట తాగే మనిషికి ఇప్పుడు పొద్దున లేవడానికే ఆ చుక్క కావలసి వస్తోంది. వాసన రాకుండా జామాకులు నమిలేవాడు. పొద్దున తాగింది కొంచెమే కదా, దాన్ని తాగుడు అనరని తనకు తాను చెప్పుకునేవాడు. మనుషులు పక్కవాడిని మోసం చేయడానికి ఎంతో తెలివి వాడతారు. తమను తాము మోసం చేసుకోవడానికి ఒక జామాకు చాలు.

ఆ రోజు మంచు పడుతోంది. స్వరూప చొక్కా ఇవ్వకముందే ఓదెలు దాన్ని తాడు మీది నుంచి లాక్కుని తొడుక్కున్నాడు. నన్ను తానే జేబులో వేసుకుని, బస్సు పెట్టిన పంచాయతీ ఆఫీసు ముందుకు పోయాడు. ఊరి పిల్లలు అప్పటికే ఎక్కి కూర్చున్నారు. పిల్లల్ని చూసుకునే ఎల్లక్క తలుపు దగ్గర నిలబడి, స్వెట్టర్ల గుండీలు పెడుతోంది. ఇంజను గుర్రుమంది. గేరు పడింది.

బస్సు కదలలేదు. ఎదురుగా స్వరూప నిలబడి ఉంది. ఒక చేత్తో రవళి చెయ్యి పట్టుకుంది. రెండో చేతిలో నమిలి ఉమ్మిన జామాకుల పిప్పి. ఇంటి వెనక గోడ దగ్గర దొరికిందేమో.

ఓదెలు హారను కొట్టాడు. ఆమె జరగలేదు.

"ఏందే, టైమైతాంది. పక్కకు జరుగు" అన్నాడు కిటికీలోంచి తల బయటపెట్టి.

"దిగు."

"స్వరూపా, నలుగురు చూస్తాండ్రు. ఇంటికచ్చినంక మాట్లాడుకుందాం."

"దిగుమంటాన."

మెల్లగానే అంది. కానీ పిల్లలను బస్సు ఎక్కించడానికి వచ్చిన తల్లులు మాటలాపి ఇటు తిరిగారు. జేబు కింద ఓదెలు గుండె ఎంత జోరుగా కొట్టుకుంటోందంటే, నేను దాని మీద అదురుతున్నాను. అతను బ్రేకు మీంచి కాలు తీయలేదు, ఇంజనూ ఆపలేదు. స్వరూప ఇక అతనివైపు చూడకుండా తలుపు వైపు తిరిగింది.

"ఎల్లక్కా, పిల్లలను దింపు. మా ఆయన తాగి ఉన్నడు."

ఎల్లక్క ఓదెలు మొహం చూసింది, దగ్గరికి వంగి వాసన చూసింది. తర్వాత ముందు సీట్లోని చిన్నపిల్లను చంకనెత్తుకుని దిగింది. మిగతా పిల్లలు సంచులు తగిలించుకుని ఒక్కొక్కరే దిగారు. వాళ్లు దిగుతున్నప్పుడు ఓదెలు రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. అతని చూపు అద్దంలో ఉంది. సీట్లు ఖాళీ అవుతుంటే అతని ఊపిరి బరువెక్కింది. రవళి మాత్రం రోడ్డు పక్కన నిలబడి తండ్రివైపు చూస్తోంది. అతను ఆ వైపు చూడలేదు.

"ఇగ తాళంచెవి ఇయ్యి" అన్నది స్వరూప, కిటికీ దగ్గరికి వచ్చి.

"బస్సు బడిల పెట్టి వస్త" అన్నాడు ఓదెలు. "నీ కోరిక తీరింది గదా. ఊరంతట్ల నిలబెట్టినవ్."

ఆమె చెయ్యి కిటికీలోంచి లోపలికి వచ్చింది. తాళంచెవి అందేలోపే బస్సు ముందుకు ఉరికింది. వెనక ఎవరో అరిచారు. ఎవరి గొంతో నాకు తెలియలేదు.

బస్సులో ఇప్పుడు అతనూ నేనూ. ఊరు దాటగానే కాలువ గట్టు మీది రోడ్డు. మంచులో కాలువ నీళ్లకూ రోడ్డుకూ తేడా కనిపించడం లేదు. ఓదెలు ఏడుస్తున్నాడు. మాటిమాటికీ చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటున్నాడు. తుడుచుకున్నప్పుడల్లా బస్సు ఒక పక్కకు జరుగుతోంది. చేతికి దారి ఇంకా గుర్తుంది గానీ, ఆ గుర్తు ఒక క్షణం వెనకబడి వస్తోంది. మలుపు దాటాక తిప్పుతున్నాడు. గుంత తగిలాక బ్రేకు వేస్తున్నాడు. నా మీద ఉన్న సంతకాలూ ముద్రలూ ఏవీ ఆ ఒక్క క్షణాన్ని వెనక్కి తేలేవు.

తూము దగ్గర మలుపులో ఆటో ఎదురైంది. పత్తి ఏరడానికి పోతున్న ఆడవాళ్లు దానినిండా ఉన్నారు. ఓదెలు చూశాడు. చూసి కూడా, కాలు బ్రేకు మీదికి రావడానికి ఆలస్యమైంది. స్టీరింగును కాలువ వైపు తిప్పేశాడు. ఆటో గీసుకుంటూ పక్క నుంచి పోయింది. బస్సు ముందు చక్రం గట్టు దిగింది, వెనక చక్రం లేచింది. ఆకాశం కిటికీలోకి వచ్చింది. ఏదో రాయి పగిలిన చప్పుడు. తూము గోడకు ఆనుకుని బస్సు సగం పక్కకు ఒరిగి ఆగిపోయింది. ఎడమ పక్క సీట్లలోకి నీళ్లు వచ్చాయి.

ఆటోలోని ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చి, వెనక తలుపు తెరిచి ఓదెలును బయటికి లాగారు. నుదురు పగిలింది గానీ ఎముకలేవీ విరగలేదు. అతన్ని గట్టు మీద కూర్చోబెట్టారు. వాళ్లలో ఒక ముసలామె అతన్ని పట్టించుకోలేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఒరిగిన బస్సులోకి దూరింది. నడుముదాకా నీళ్లలో దిగి సీట్ల కింద చేతులతో వెతకసాగింది.

"పిల్లలేరిరా? ఓ డ్రైవరూ, పిల్లలేరి?"

ఓదెలు తల వంచుకుని నుదుటి నెత్తురు అదుముకున్నాడు.

"బడి బస్సు గదరా ఇది. పిల్లలేరంటే చెప్పవేందిరా?" ఆమె నీళ్లలో తేలుతున్న ఒక సీటు దిండును పట్టి లాగింది. బడి పిల్ల అనుకుందేమో. మిగతా ఆడవాళ్లూ ఏడుస్తూ నీళ్లలోకి దిగారు.

ఓదెలు తల ఎత్తి చూశాడు. ఎడమ పక్క మొదటి సీటు నీళ్లలో ఉంది. అది రవళి రోజూ కూర్చునే సీటు.

"దింపింది" అన్నాడు. "మా ఇంటామె దింపింది. ఒక్కలు లేరు అండ్ల." ఆ మాట మళ్లీ మళ్లీ అన్నాడు. ఆడవాళ్లు విని నీళ్లలోంచి బయటికి వచ్చాక కూడా అంటూనే ఉన్నాడు. ముసలామె తడిచీరతో వచ్చి అతని ముందు నిలబడింది. కొడుతుందనుకున్నాను. ఆమె వాసన చూసి, ఉమ్మేసి, దూరంగా పోయి కూర్చుంది.

పోలీసులు వచ్చి ఊదించారు. ఈసారి ఓదెలు గాలిని లోపలికి పీల్చలేదు. జేబులోంచి నన్ను తానే తీసి ఇచ్చాడు. నా మూలకు అతని నెత్తురు అంటుకుంది. దాన్ని ఎవరూ తుడవలేదు, ఇప్పటికీ ఉంది.

ఊళ్లో స్వరూపను ఎవరైనా మెచ్చుకుని ఉంటారని మీరు అనుకోవచ్చు. మెచ్చుకోలేదు. ఆ తర్వాతి సంగతులు ఆఫీసులో ఎవరో నా ముందు చెప్పుకుంటుంటే విన్నాను. పిల్లల తల్లిదండ్రులు ఆమె ఇంటి ముందుకొచ్చి, ఇన్నాళ్లూ ఎందుకు దాచావని అడిగారట. ఆశీర్వాదం సారు గట్టిగా ఒక్క మాట అనలేదట. "పసిరికలని చెప్పితివి గదమ్మా" అని మాత్రం అన్నాడట. ఆమెకు అన్నిటికంటే అదే ఎక్కువ తగిలింది. జాకెట్లు కుట్టించుకునేవాళ్లు కొన్నాళ్లు రావడం మానేశారు.

రెండో తప్పు కాబట్టి కోర్టు ఓదెలును జైలుకు పంపింది. బయటికి వచ్చాక రవాణా శాఖ నుంచి నోటీసు వెళ్లింది: నీ లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో వచ్చి చెప్పుకో అని. భార్యాభర్తలు ఇద్దరూ వచ్చారు. నేను బల్ల మీద, ఫైలులో ఉన్నాను. ఎదురుగా నడివయసు ఆఫీసరమ్మ. ఓదెలు చిక్కిపోయాడు. చేతులు జోడించాడు.

"మేడం, నాకు ఇంకో పని రాదు. పదహారేండ్ల సంది ఇదే చెయ్యి, ఇదే బతుకు. కొన్నాళ్లు పక్కకు పెట్టుండ్రి, మొత్తానికే తీసెయ్యకుండ్రి. తాగుడు బంద్ చేసిన."

"నిజంగ బంద్ చేసినవా?"

"మా ఇంటామెను అడుగుండ్రి."

ఆఫీసరమ్మ స్వరూపవైపు తిరిగింది. ఓదెలు కూడా తిరిగాడు. అతని కళ్లలో ఉన్నది బెదిరింపు కాదు, బతిమాలడం. ఆ చూపు ముందు అబద్ధం ఆడకుండా ఉండడం ఎంత కష్టమో నాకు అర్థమైంది. పైన ఫ్యాను తిరుగుతోంది. ఫైలులో కాయితాలు రెపరెపలాడుతున్నాయి. స్వరూప కొంగును వేలికి చుట్టుకుంది, విప్పింది, మళ్లీ చుట్టుకుంది. ఆమె నోరు తెరవకుండా ఉన్నంతసేపూ నేను బతికే ఉన్నాను.

"జైల్ల ఉన్నన్ని రోజులు తాగలే మేడం" అన్నది చివరికి. "బయటికచ్చినంక మళ్ల మొదలుపెట్టిండు."

ఓదెలు జోడించిన చేతులు మెల్లగా కిందికి దిగాయి. ఆఫీసరమ్మ ఇంకేమీ అడగలేదు. ముద్ర తెప్పించి నా మీద అడ్డంగా కొట్టింది. ఇన్నేళ్ల వరకు మళ్లీ అడగడానికి కూడా వీల్లేదని కింద రాసింది. ఓదెలు లేచి, భార్యకోసం ఆగకుండా బయటికి పోయాడు. ఆమె చాలాసేపు ఆ కుర్చీలోనే కూర్చుంది. నీళ్లు తాగమని బంట్రోతు గ్లాసు తెచ్చిచ్చాడు.

తర్వాత నాకు తెలిసింది బీరువా చీకటి ఒక్కటే. మనుషుల సంగతులు తెలియకుండా ఉండడం నాకు కొత్త. ఓదెలు ఏమయ్యాడో, స్వరూపను ఇంట్లో ఉండనిచ్చాడో లేదో తెలియదు. బీరువా తలుపు తెరుచుకున్నప్పుడల్లా నా ఫైలేనేమో అనుకునేదాన్ని. కాదు, ఎవరివో.

ఒకనాడు నా ఫైలే బయటికి వచ్చింది. గడువు తీరిందట. బల్ల వెనక కొత్త గుమాస్తా, కుర్రవాడు. ఎదురుగా ఓదెలు. జుట్టు నెరిసింది. చొక్కా మీద పత్తి నూగు అంటుకుని ఉంది. మిల్లులో పత్తి బోరాలు మోసే పని చేస్తున్నానని గుమాస్తాకు చెప్పాడు. చేతిలో లర్నింగు లైసెన్సు కోసం నింపిన కాయితం ఉంది. కిటికీ అవతల రేకుల కింద బెంచీ మీద స్వరూప కనిపించింది. పక్కన టిఫిను డబ్బా. ఆమె వచ్చిందంటే ఇద్దరూ ఒక ఇంట్లోనే ఉన్నారన్నమాట.

గుమాస్తా నన్ను చూశాడు, కాయితం చూశాడు, గోడ గడియారం చూశాడు. భోజనాల వేళ దగ్గర పడింది.

"పాత కేసు ఉన్నది గదా, అడగాలె కాబట్టి అడుగుతాన. ఇప్పుడైతే తాగుతలేవు గదా?" అంటూనే పెన్ను మూత తీశాడు. జవాబు అతనికి ముందే తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్న వాళ్లందరూ ఒకే జవాబు చెబుతారు.

ఓదెలు నావైపు చూశాడు. ఆ జేబు ఇప్పుడు నాకు దూరం. అతని గుండె ఎలా కొట్టుకుంటోందో నాకు తెలియదు. బల్ల అంచు మీద పెట్టిన చేతులు మాత్రం కనిపించాయి. అవి స్థిరంగా లేవు.

"చాన రోజులు బంద్ చేసిన సార్" అన్నాడు. "మొన్న పండుగకు తాగిన. నిన్న సుత తాగిన. ఇయ్యాల తాగలే."

గుమాస్తా పెన్ను గాలిలో ఆగింది. అలాంటి జవాబుకు కాయితంలో గడి లేదు.

"అరే, గట్ల చెప్తే ఎట్లనే? మరి ఎందుకచ్చినవ్?"

"లైసెన్సు తీసుకుందామనే అచ్చిన. ఇక్కడ కూసున్నంక అబద్ధమాడ నోరు రాలే." ఓదెలు బల్ల మీది కాయితాన్ని తనవైపు లాక్కుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇంకో ఏడాదికి అస్త సార్. అప్పుడు సుత ఇట్లనే అడుగుండ్రి."

అతను బయటికి వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. భార్యకు ఏదో చెప్పాడు. మాటలు నాకు వినపడలేదు. స్వరూప డబ్బా మూత తీసి, సగం అన్నం మూతలో పెట్టి అతని చేతికిచ్చింది.

నా మీద సంతకాలు చాలా ఉన్నాయి. అన్నీ ఓదెలు బండి నడపగలడని ఇంకొకరు చెప్పినవే. నడపకూడదని అతను తనంతట తాను చెప్పింది ఆ ఒక్కసారే. దాని కింద ఎవరూ సంతకం పెట్టలేదు.

తిన్నాక ఇద్దరూ లేచి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నారు. బస్టాండు వైపు నడిచారు. గుమాస్తా వాళ్లు మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చూసి, నా ఫైలు మూశాడు.